అటక మీది ల్యాప్‌టాప్, కాటా గదిలో కంప్యూటరు



గుంటూరు, సత్తెనపల్లి, నరసరావుపేట, చిలకలూరిపేట, ఇటు పర్చూరు, ఇంకొల్లు, అద్దంకి. మన నల్లరేగడి చేల మధ్య ఉన్న ఈ ఊళ్లలో చాలా ఇళ్లలో ఒక పాత ల్యాప్‌టాప్ కనిపిస్తుంది. అబ్బాయో అమ్మాయో ఇంజనీరింగు చదివే రోజుల్లో కొన్నది. ఉద్యోగం వచ్చి హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లాక కంపెనీవాళ్లు కొత్తది ఇస్తారు, పాతది ఇంటి దగ్గరే ఉండిపోతుంది. కొన్నాళ్లు బల్ల మీద, ఆ తర్వాత బీరువా పైన, చివరికి అటక మీద. బ్యాటరీ నిలవదు. మూత కీళ్లు వదులైపోయి ఉంటాయి. ఇంటర్నెట్ తెరిస్తే ఒక పేజీ రావడానికి ఓపిక చాలదు. పాత సామాన్ల బండికి వేస్తే వచ్చే డబ్బు ఎంతో మీకు తెలుసు.

ఆ ల్యాప్‌టాప్‌ను పారేయవద్దని చెప్పడానికే ఈ పూట మీ ముందుకు వచ్చాను. దాని తెర వెలుగుతూ, కీబోర్డు పనిచేస్తూ ఉంటే చాలు, మరో కంప్యూటరుకు అదే తెర, అదే కీబోర్డు అవుతుంది. ఒక కేబులు కావాలి, అందులో మూడు తీగలు కావాలి. దీన్ని సీరియల్ టెర్మినల్ అంటారు. జిన్నింగ్ మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, వేబ్రిడ్జీలు, ఇంజనీరింగు కాలేజీలు ఇంత దగ్గర దగ్గరగా ఉన్న మన ప్రాంతంలో దానికి పని లేకపోవడం అంటూ ఉండదు.

టెర్మినల్ స్వయంగా లెక్కలేమీ చేయదు. మనం కొట్టిన అక్షరాన్ని అవతలికి పంపుతుంది, అవతలి నుంచి వచ్చిన అక్షరాన్ని తెర మీద చూపుతుంది. లెక్కా, దాచుకోవడమూ అవతలి కంప్యూటరు చూసుకుంటుంది. అందుకే ఇక్కడున్న ల్యాప్‌టాప్ ఎంత పాతదైనా ఇబ్బంది లేదు. సీరియల్ లైను మీద ఎక్కువగా వాడే వేగం 9600, అంటే సెకనుకు 9600 బిట్లు. ఒక అక్షరం పంపాలంటే ముందు ఒక ఆరంభపు బిట్టు, తర్వాత ఎనిమిది అక్షరపు బిట్లు, ఆఖరున ఒక ముగింపు బిట్టు, మొత్తం పది పడతాయి. కాబట్టి సెకనుకు 960 అక్షరాలు. వరుసకు 80 అక్షరాల చొప్పున 24 వరుసలున్న తెర నిండాలంటే 1,920 అక్షరాలు, అంటే రెండు సెకన్లు. ఇరవై ఏళ్ల కిందటి ల్యాప్‌టాప్‌కు ఈ వేగం ఒక లెక్క కాదు.

ఆ 80 అక్షరాలు, 24 వరుసలు ఎక్కడివంటారా? 1978లో అమెరికాలోని డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వీటీ100 అనే టెర్మినల్‌ను అమ్మకానికి తెచ్చింది. దాని తెర అంత. నేటికీ చాలా టెర్మినల్ ప్రోగ్రాములు ఆ వీటీ100 లాగే నడుచుకుంటాయి. అసలు తెరలు రాకముందు టెలిప్రింటర్లే కంప్యూటర్లకు టెర్మినళ్లు. వార్తలు, తంతులు టకటకా కాగితం మీద కొట్టిన యంత్రాలవి. మన దేశంలో వాటిని తయారు చేయడానికి 1960లో మద్రాసులో హిందుస్థాన్ టెలిప్రింటర్స్ అనే ప్రభుత్వ సంస్థ పెట్టారు.

తెలుగువాళ్లు టెర్మినల్‌ను ఎక్కువగా చూసింది మాత్రం రైల్వే రిజర్వేషన్ కౌంటర్లో. అద్దం వెనక గుమాస్తా ముందు నల్లని తెర, దాని మీద వరుసలుగా అక్షరాలు. బెర్తుల లెక్క ఆ పెట్టెలో ఉండేది కాదు, దూరాన పెద్ద కంప్యూటరులో ఉండేది. మన దక్షిణ మధ్య రైల్వేకు ఆ కేంద్రం సికింద్రాబాదు. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదు కేంద్రాలను ఒకదానితో ఒకటి కలిపిన కాన్సర్ట్ అనే సాఫ్ట్‌వేరును 1994 సెప్టెంబరులో మొట్టమొదట పెట్టింది కూడా సికింద్రాబాదులోనే. ఎక్కడో ఉన్న బెర్తును ఇక్కడ కౌంటర్లో కూర్చుని రాసి ఇచ్చారంటే ఆ టెర్మినళ్ల చలవే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇంజనీరింగు విద్యార్థులు వినండి. 1991లో ఫిన్లాండులోని హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఇరవయ్యొక్క ఏళ్ల విద్యార్థి తన ఇంటి కంప్యూటరు నుంచి విశ్వవిద్యాలయం కంప్యూటరులోకి వెళ్లడానికి ఒక టెర్మినల్ ప్రోగ్రాము రాసుకున్నాడు. మోడెం నుంచి వచ్చే అక్షరాలను తెరకు, కీబోర్డు అక్షరాలను మోడెంకు అందించే ప్రోగ్రాము. ఫైళ్లు దింపుకోవాలనిపించి డిస్కు సంగతి చేర్చాడు, ఆ తర్వాత మరొకటి చేర్చాడు. అలా పెరిగి పెరిగి అది లినక్స్ అయింది. ఈనాడు మన ఆండ్రాయిడ్ ఫోన్లన్నిటి లోపలా ఉన్నది అదే.

ఇక మన కాటాల దగ్గరకు వద్దాం.

పత్తి సీజనులో ఏ జిన్నింగ్ మిల్లు ముందైనా ట్రాక్టర్ల వరుస ఉంటుంది. బండి వేబ్రిడ్జి ఎక్కుతుంది, లోపల గదిలో ఎర్రటి అంకెలు మారి మారి ఒకచోట నిలబడతాయి, ప్రింటరు చీటీ కొడుతుంది. మిరపకాయల లారీ అయినా అంతే, కోల్డ్ స్టోరేజీకి పోయే ముందు టిక్కీలతో సహా కాటా ఎక్కాల్సిందే. ఈ కాటా ఎలా పనిచేస్తుందో చూడండి. ప్లాట్‌ఫారం కింద మూలల్లో లోడ్ సెల్లులని ఉక్కు దిమ్మలు ఉంటాయి. బరువు పడితే అవి కంటికి కనపడనంత కొద్దిగా వంగుతాయి. వాటికి అతికించిన సన్నని తీగల నిరోధం ఆ వంపుకు మారుతుంది, కొన్ని మిల్లీవోల్టుల తేడా వస్తుంది. ఆ తేడాను కిలోల్లోకి మార్చి అంకెలుగా చూపేది గదిలోని ఇండికేటరు. ఆ ఇండికేటరు వెనక చేయి పెట్టి తడమండి. తొమ్మిది పిన్నుల సాకెట్టో, గుండ్రటి సాకెట్టో తగులుతుంది. అక్కడి నుంచి ఒక కేబులు కంప్యూటరుకు పోతుంది. అందులో నడిచేది సీరియల్ భాషే. ఆర్‌ఎస్-232 అని 1960లో అమెరికాలో రాసుకున్న ప్రమాణం. అరవై ఏళ్లు దాటినా మన రైతు పత్తి బరువు కంప్యూటరుకు చేరేది చాలాచోట్ల ఆ దారినే.

ఆ కేబులును మిల్లు కంప్యూటరు నుంచి ఊడదీసి మీ పాత ల్యాప్‌టాప్‌కు పెట్టి, టెర్మినల్ ప్రోగ్రాము తెరిచి చూడండి. వేగం సరిగ్గా పెడితే తెర మీద బరువు వరుసగా దిగుతూ ఉంటుంది. కొన్ని ఇండికేటర్లు ఆగకుండా పంపుతూనే ఉంటాయి, కొన్ని ప్రింటు మీట నొక్కినప్పుడే పంపుతాయి. బండి ఎక్కుతుంటే అంకె పెరగడం, డ్రైవరు దిగితే ఆ మనిషి బరువు తగ్గడం కళ్లకు కడుతుంది. చీటీ మీద పడే బరువు మొదట పుట్టేది ఇక్కడ. ఇండికేటరు పంపిన అంకె, కంప్యూటరు చీటీ మీద కొట్టిన అంకె ఒకటేనా అన్న అనుమానం ఎవరికైనా వస్తే, ఇరుపక్షాల కళ్ల ముందే తేల్చుకోవడానికి ఇంతకంటే తేలికైన దారి నాకు కనపడలేదు. మిల్లు యజమానికీ మేలే, రైతుకూ మేలే. తరుగు తీశారనీ, తూకం తేడా వచ్చిందనీ యార్డుల్లో, మిల్లుల్లో జరిగే గొడవల్లో సగం ఆవేశం, అంకె ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ కనపడకపోవడం వల్లే పుడుతుందని నా నమ్మకం.

వేగం సరిగ్గా పెడితే అన్నాను కదా, అక్కడ కాస్త ఆగుదాం. సీరియల్ లైనులో గడియారం తీగ ఉండదు. ఇప్పుడు బిట్టు మొదలైంది, ఇప్పుడు అయిపోయింది అని చెప్పేవారు ఎవరూ లేరు. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్లు రెండు రోకళ్లతో మిరపకాయలు దంచుతారు చూడండి, ఎవరూ లెక్క చెప్పరు, ఇద్దరికీ లయ ముందే కుదిరి ఉంటుంది. ఇక్కడా అంతే. రెండు వైపులా ఒకే వేగం ముందే పెట్టుకోవాలి. ఇండికేటరు 2400 వేగంతో పంపుతుంటే ల్యాప్‌టాప్ 9600తో వింటే తెర నిండా పిచ్చి గుర్తులు పడతాయి. అప్పుడు కేబులు పాడైందని పారేయకండి. పిచ్చి గుర్తులు వస్తున్నాయంటే తీగ బాగున్నట్టే, ఏదో ఒకటి చేరుతున్నట్టే. 1200, 2400, 4800, 9600 ఒక్కొక్కటే మార్చి చూడండి.

ఇంకో చిక్కు ఉంది. ఇది తెలియక అనుభవమున్న టెక్నీషియన్లు కూడా తల పట్టుకుంటారు. వేగం సరిగ్గానే ఉంటుంది, కొన్ని అంకెలు బాగా కనిపిస్తాయి, కొన్ని చెడిపోతాయి. 6,930 కిలోల బండి ఎక్కితే అంకెలన్నీ శుభ్రంగా వస్తాయి. అది దిగి 4,270 కిలోల బండి ఎక్కితే చివరి సున్నా ఒక్కటే మిగిలి, మిగతావి వింత గుర్తులవుతాయి. కాటా మీద అనుమానం, కంప్యూటరు మీద అనుమానం, దేవుడి మీద భారం. జరిగేది ఇది. ఒక్కో అంకెకు ఏడు బిట్ల కోడు ఉంటుంది. కొన్ని ఇండికేటర్లు ఏడు బిట్లు పంపి, ఎనిమిదోదాన్ని సరిచూసుకోవడానికి వాడతాయి. మొత్తంలో ఒకట్ల సంఖ్య ఎప్పుడూ సరిసంఖ్యగా ఉండేలా ఆ ఎనిమిదో బిట్టును సున్నాగానో ఒకటిగానో పెడతాయి. దీన్ని పారిటీ అంటారు. 0, 3, 5, 6, 9 అంకెల కోడులో ఒకట్లు సరిసంఖ్యలోనే ఉంటాయి కాబట్టి ఎనిమిదో బిట్టు సున్నా, ఏ ఇబ్బందీ ఉండదు. 1, 2, 4, 7, 8లో ఒకట్లు బేసిగా ఉంటాయి, ఎనిమిదో బిట్టు ఒకటవుతుంది, మన ల్యాప్‌టాప్ దాన్ని కూడా అక్షరంలో భాగమనుకుంటుంది. కాబట్టి ఆ అయిదు అంకెలు బాగుండి ఈ అయిదు చెడితే మరో ఆలోచన అక్కర్లేదు. సెట్టింగులో ఎనిమిది బిట్లు, పారిటీ లేదు అన్నచోట ఏడు బిట్లు, ఈవెన్ పారిటీ అని మార్చండి. అంతా సర్దుకుంటుంది.

ఇప్పుడు కేబులు సంగతి. కాగితం, కలం దగ్గర పెట్టుకోండి, నిదానంగా చెబుతాను.

2007, 2008 ప్రాంతాల వరకు వచ్చిన ఆఫీసు ల్యాప్‌టాప్‌లు కొన్నిటికి, ఉదాహరణకు డెల్ లాటిట్యూడ్ డీ630 లాంటివాటికి, తొమ్మిది పిన్నుల సాకెట్టు ఉండేది. పైన అయిదు పిన్నులు, కింద నాలుగు. ఆ పిన్నుల వైపు చూస్తూ, అయిదు పిన్నుల వరుస పైకి పెట్టుకుని, ఎడమ నుంచి కుడికి లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. రెండో పిన్ను వినేది. మూడో పిన్ను పలికేది. అయిదో పిన్ను రెండు యంత్రాలకూ ఉమ్మడిగా ఉండే గ్రౌండు. మరోసారి చెబుతున్నాను, రెండు వినేది, మూడు పలికేది, అయిదు గ్రౌండు. రెండు కంప్యూటర్లను కలిపేటప్పుడు ఇక్కడి మూడు అక్కడి రెండుకు, ఇక్కడి రెండు అక్కడి మూడుకు, అయిదు అయిదుకు పోవాలి. ఒకరు పలికింది ఇంకొకరు వినాలి కదా. ఇలా తిప్పి కట్టిన కేబులును నల్ మోడెం కేబులు అని అడిగితే దుకాణంలో ఇస్తారు. దొరక్కపోతే రెండు కనెక్టర్లు, మూడు మూరల తీగ, సోల్డరింగ్ ఐరన్ ఉంటే మీరే కట్టుకోవచ్చు.

మీ ల్యాప్‌టాప్‌కు ఆ సాకెట్టు లేకపోతే దిగులు లేదు. యూఎస్‌బీ నుంచి సీరియల్‌కు మార్చే చిన్న కేబులు దొరుకుతుంది. అది పెట్టగానే లినక్స్ దానికి టీటీవై యూఎస్‌బీ సున్నా అని పేరు పెడుతుంది, విండోస్ కామ్ మూడో, కామ్ నాలుగో అంటుంది.

గుండ్రటి సాకెట్టున్న ఇండికేటరుకో, పుస్తకం పోయిన యంత్రానికో ఏ పిన్ను ఏదో తెలియకపోతే మల్టీమీటరు తీసుకోండి. డీసీ ఇరవై వోల్టుల మీద పెట్టి, నల్ల ముల్లును గ్రౌండుకు ఆనించి, ఎర్ర ముల్లుతో ఒక్కో పిన్నునూ తాకి చూడండి. ఆర్‌ఎస్-232లో పలికే తీగ ఖాళీగా ఉన్నప్పుడు కూడా మైనస్ వోల్టేజీ మీద ఉంటుంది. మైనస్ అయిదు నుంచి మైనస్ పన్నెండు మధ్యలో ఏదో ఒకటి చూపిస్తే అదే పలికే పిన్ను అని అనుకోవచ్చు. వినే పిన్ను దాదాపు సున్నా చూపిస్తుంది. ఆగకుండా బరువు పంపే ఇండికేటరైతే మీటరు అంకె కొద్దిగా అటూ ఇటూ మారుతుంది, కంగారు పడకండి. ఇండికేటరును కేవలం వినాలనుకుంటే రెండు తీగలే చాలు, దాని పలికే పిన్ను మీ రెండుకు, గ్రౌండు మీ అయిదుకు. మీ వైపు నుంచి ఒక్క అక్షరం కూడా దానికి పోదు. తూనికలు కొలతల శాఖవారు ఏటా పరీక్షించి సీలు వేసిన యంత్రం అది. వెనకున్న సాకెట్టు వరకే మన హక్కు. సీలు జోలికి, లోపలి స్క్రూల జోలికి ఎవరూ పోకూడదు, యజమాని ఒప్పుకోకుండా ఆ కేబులు కూడా తీయకూడదు.

ఇంతవరకూ కాటాను వినడం గురించి చెప్పాను. అసలు టెర్మినల్ పని, రెండో కంప్యూటరు లోపలికే వెళ్లి పనిచేయడం.

చిలకలూరిపేట వైపు ఒక జిన్నింగ్ మిల్లు ఆఫీసులో జరిగింది చెబుతాను. జిన్నింగ్ మిల్లులో గాలిలోనే నూగు ఉంటుంది. కంప్యూటరు పెట్టె తెరిస్తే లోపల ఫ్యాను రెక్కల మీద దూది పొరలు పొరలుగా పేరుకుని ఉంటుంది. అలా వేడెక్కి వేడెక్కి ఆ కంప్యూటరులో తెరకు బొమ్మ పంపే కార్డు పోయింది. పెట్టె మీద దీపం వెలుగుతోంది, డిస్కు దీపం మిణుకుతోంది, తెర మీద మాత్రం ఏమీ లేదు. సీజను మధ్యలో, బయట బండ్లు ఉన్నాయి. మిల్లుకు కంప్యూటరు పనులు చూసే డిప్లొమా కుర్రాడు ఒక పాత ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని వచ్చాడు.

గుమాస్తా అడిగారు, "ఏరా అబ్బాయ్, చీటీల లెక్కంతా పోయినట్టేనా?"

"లేదు బాబాయ్. అది లోపల నడుస్తూనే ఉంది. మనకు కనపడట్లేదంతే. స్విచ్చి మాత్రం ఎవరినీ ముట్టుకోనివ్వొద్దు."

వెనక తొమ్మిది పిన్నుల సాకెట్టుకు కేబులు పెట్టి, ల్యాప్‌టాప్‌లో ఎంటర్ నొక్కాడు. నల్లని తెర మీద ఎడమ పక్కన లాగిన్ అన్న అక్షరాలు పడ్డాయి. పేరు, పాస్‌వర్డు కొట్టి లోపలికి వెళ్లాడు. పెన్ డ్రైవు పెట్టి, సీజను మొదటి నుంచి ఉన్న తూకాల ఫైళ్లన్నీ అందులోకి కాపీ చేశాడు. ఫైళ్ల సైజులు రెండువైపులా సరిచూశాడు. ఆ తర్వాత కంప్యూటరును పద్ధతిగా ఆపాడు. గుమాస్తాగారు అంతసేపూ కళ్లద్దాలు పైకి తోసుకుని ఆ అక్షరాలనే చూస్తూ నిలబడ్డారు. "ఇంతేనా?" అన్నారు. "ఇంతే బాబాయ్," అన్నాడు.

అయితే ఇది అంత తేలిగ్గా అయిపోవడానికి కారణం ఆ కుర్రాడు ముందుచూపుతో చేసిన పని. ఆ కంప్యూటరులో లినక్స్ పెట్టిన రోజే సీరియల్ పోర్టు మీద లాగిన్ వచ్చేలా సెట్ చేశాడు. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వలేం కదా. ఇప్పటి లినక్స్‌లో అది ఒక్క కమాండుతో అయిపోతుంది. సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్ అని, ఆ తర్వాత సీరియల్ హైఫన్ గెట్టీ ఎట్ టీటీవై ఎస్ సున్నా. ఈసారి కంప్యూటరు లేచినప్పటి నుంచి ఆ పోర్టు మీద లాగిన్ ఎదురు చూస్తూ ఉంటుంది. లేచేటప్పుడు వచ్చే మాటలు కూడా కనపడాలంటే, కెర్నలుకిచ్చే వరుసలో కన్సోల్ ఈక్వల్స్ టీటీవై ఎస్ సున్నా, కామా, 115200 అని చేర్చాలి. అప్పుడు డిస్కు చెడిందా, ఏ మెట్టు దగ్గర ఆగిపోయింది అన్నది కూడా ల్యాప్‌టాప్ తెర మీదే చదవొచ్చు. మామూలు విండోస్ కంప్యూటరులోకి మాత్రం ఇలా లాగిన్ అవడం కుదరదని గుర్తుంచుకోండి. అలాంటి ఆఫీసుల్లో పాత ల్యాప్‌టాప్ కాటాను వినడానికి, లేదా కంప్యూటరు చెడిన రోజు దాని స్థానంలో బరువులు అందుకోవడానికి పనికొస్తుంది.

ల్యాప్‌టాప్ వైపు ఏం కావాలి? అందులో పాత విండోస్ ఎక్స్‌పీ ఉంటే హైపర్‌టెర్మినల్ దానితోనే వచ్చి ఉంటుంది. తర్వాతి విండోస్‌ల నుంచి దాన్ని తీసేశారు, అక్కడ సైమన్ టాథమ్ రాసిన పుట్టీ వేసుకోండి, ఉచితం. లినక్స్ అయితే మినీకామ్ గానీ, స్క్రీన్ గానీ. మరీ పాతదై ఏదీ ఎక్కకపోతే డాస్ మీద కెర్మిట్ నడుస్తుంది. 1981లో కొలంబియా విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆ ప్రోగ్రాము సీరియల్ తీగ మీద ఫైళ్లను కూడా తప్పు లేకుండా అటూ ఇటూ మోస్తుంది.

మినీకామ్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. అవతలి అక్షరాలు తెర మీద పడుతుంటాయి, మీరు కొట్టింది మాత్రం పోదు. కీబోర్డు పాడైందనుకుంటారు. అందులో హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ అని ఒకటి మొదటి నుంచీ ఆన్‌లో ఉంటుంది. "పంపనా?" అని మరో తీగ మీద అడిగి, "పంపు" అన్న జవాబు కోసం ఆగుతుంది. మన కేబులులో ఉన్నవి మూడే తీగలు, ఆ జవాబు ఎప్పటికీ రాదు. సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని ఆఫ్ చేసి సేవ్ చేయండి. ఇంకొకటి, పోర్టు తెరవడానికి అనుమతి లేదని లినక్స్ అంటే మీ పేరును డయలౌట్ అనే గ్రూపులో చేర్చి, ఒకసారి బయటకు వచ్చి మళ్లీ లాగిన్ కండి.

విద్యార్థులు చాలామంది ఇప్పుడు రాస్‌ప్‌బెర్రీ పై బోర్డులతో ప్రాజెక్టులు చేస్తున్నారు. చేనులో తేమ చూసేదని, కోల్డ్ స్టోరేజీలో చలి చూసేదని. చాలా సంతోషం. దానికి తెర అక్కర్లేకుండా పాత ల్యాప్‌టాప్‌తోనే లోపలికి వెళ్లొచ్చు. ఆరో పిన్ను గ్రౌండు, ఎనిమిది పలికేది, పది వినేది, వేగం 115200. కానీ ఈ మాట శ్రద్ధగా వినండి. ఆ బోర్డు పిన్నులు 3.3 వోల్టులవి. ఇప్పటిదాకా చెప్పిన ఆర్‌ఎస్-232 తీగలో ప్లస్ పన్నెండు, మైనస్ పన్నెండు కూడా ఉండొచ్చు. తొమ్మిది పిన్నుల కేబులును తెచ్చి బోర్డుకు నేరుగా తగిలిస్తే బోర్డు అక్కడే పోతుంది. మధ్యలో 3.3 వోల్టులతో పనిచేసే మాక్స్3232 లాంటి చిప్పున్న చిన్న బోర్డు ఉండాలి, లేదా 3.3 వోల్టుల యూఎస్‌బీ కేబులు విడిగా కొనాలి. అయిదు వోల్టులది కూడా వద్దు.

కాలేజీల నెట్‌వర్కు ల్యాబుల్లో ఉండే రూటర్లు, స్విచ్చిల వెనక కన్సోల్ అని రాసున్న సాకెట్టు కూడా ఇదే. చాలావాటికి 9600, ఎనిమిది బిట్లు, పారిటీ లేదు, ఒక ముగింపు బిట్టు. ల్యాబులో దాని కోసమే ఒక పాత ల్యాప్‌టాప్ విడిగా ఉంచమని అధ్యాపకులను కోరుతున్నాను. నెట్‌వర్కు చెడినప్పుడు నెట్‌వర్కు మీదుగా వెళ్లి దాన్ని బాగుచేయలేం. పిల్లలు ఒక్కసారైనా ఆ తీగ పెట్టి, యంత్రం లేస్తూ తనలో తాను చెప్పుకునే మాటలన్నీ చదవాలి. కంప్యూటరు అంటే భయం పోయేది అప్పుడే.

పిడుగుల గురించి చెప్పకుండా ముగిస్తే తప్పవుతుంది. వేసవి సాయంత్రాలు మన మైదానంలో గాలిదుమారంతో ఉరుములు, పిడుగులు ఎలా వస్తాయో మీకు తెలుసు. కాటా ప్లాట్‌ఫారం నుంచి గదికి, గది నుంచి ఆఫీసుకు పొడుగ్గా లాగిన తీగలు పిడుగు దెబ్బను లోపలికి మోసుకొస్తాయి. మొదట పోయేది సీరియల్ పోర్టే. ఆర్‌ఎస్-232 తీగ పదిహేను మీటర్లు మించకపోవడం మంచిది. అంతకంటే దూరమైతే ఆర్‌ఎస్-485కు మార్చే పెట్టెలు రెండువైపులా పెట్టాలి, తక్కువ వేగంలో అది 1,200 మీటర్ల దాకా పోతుంది. వెలుగు ద్వారా సంకేతాన్ని దాటించి, కరెంటును దాటనివ్వని ఐసొలేటర్ మధ్యలో పెడితే ఇంకా క్షేమం. మబ్బు పడితే కేబులు ఊడదీయడం అన్నిటికంటే చవక.

అటక మీది ల్యాప్‌టాప్ దింపాక మొదట బ్యాటరీ చూడండి. ఉబ్బి ఉంటే ఆన్ చేయకుండానే జాగ్రత్తగా తీసేయండి. దాన్ని గుచ్చవద్దు, చెత్తలో వేయవద్దు, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునేవారికి ఇవ్వండి. చాలా పాత ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ లేకుండా అడాప్టరు మీదే నడుస్తాయి. అప్పుడు కరెంటు పోతే అదీ ఆగుతుంది కాబట్టి ఇన్వర్టరు ఉన్న ప్లగ్గుకు పెట్టండి. ఫ్యాను దగ్గర దుమ్ము దులపండి. మిరపకాయల దగ్గర వాడినదైతే ముక్కుకు గుడ్డ కట్టుకుని దులపండి.

వేసవిలో మిర్చి యార్డుకు సెలవులిచ్చినప్పుడు, పత్తి కాటాలు ఖాళీగా ఉన్నప్పుడు ఇవన్నీ చేసుకోవడానికి తీరిక దొరుకుతుంది. ఆ రోజుల్లో ఒక పూట కూర్చుని కేబులు కట్టుకోండి, ఇండికేటరు వేగం ఎంతో, బిట్లు ఎన్నో, పారిటీ ఏమిటో కనిపెట్టండి. కనిపెట్టింది ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, తేదీ వేసి, ఇండికేటరు పక్కన గోడకు అంటించండి. కేబులును ల్యాప్‌టాప్‌తో పాటే ఒక సంచిలో పెట్టి, ఆ సంచి ఎక్కడుందో ఆఫీసులో ఇద్దరికైనా చెప్పి ఉంచండి. అక్టోబరులో మొదటి పత్తి బండి గేటు దగ్గరకు వచ్చేలోగా ఒకసారి తగిలించి, బరువు తెర మీద పడుతోందో లేదో చూసుకోండి.